మోడల్ మారినా మన టూల్ నిలబడాలంటే

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఒక సాఫ్ట్‌వేర్ టూల్ తయారు చేశాం. కస్టమర్లు రాసే ఫిర్యాదు చదివి, అది ఏ విభాగానిదో తేల్చి, ఆర్డర్ వివరాలు డేటాబేస్‌లో వెతికి, జవాబు ముసాయిదా రాసిపెడుతుంది. మొదటి నుంచీ ఒకే కంపెనీ ఏఐ మోడల్‌తో కట్టాం. ఇప్పుడు ఒక క్లయింట్ వేరే కంపెనీ మోడల్ కావాలంటున్నారు. ఇంకొకరు తమ డేటా బయటికి వెళ్లకూడదని, తమ సర్వర్‌లోనే నడిచే ఓపెన్ మోడల్ పెట్టమని అడుగుతున్నారు. అడ్రస్, కీ మార్చి చూశాం. కాల్ వెళ్తోంది, జవాబూ వస్తోంది. కానీ ఒకచోట తేదీ వేరే రకంగా వస్తోంది, ఒకచోట జేసన్ (ఫీల్డులు, విలువలుగా డేటా రాసే రూపం) చుట్టూ అక్కర్లేని మాటలు ఉంటున్నాయి, ఒకచోట ఆర్డర్ వెతకకుండానే వెతికినట్టు జవాబు రాసేస్తోంది. కోడ్ నిండా "ఈ మోడల్ అయితే ఇలా, ఆ మోడల్ అయితే అలా" అనే ఇఫ్‌లు పెరిగిపోతున్నాయి. రెడీమేడ్ లైబ్రరీ వాడాలా, సొంతంగా రాసుకోవాలా? ఒక్కో మోడల్‌కి ఒక్కో ప్రాంప్ట్ (సూచన పాఠం) రాయాలా? ఎంసీపీ (టూల్స్‌ని ఏఐ యాప్‌లకి కలిపే ప్రమాణం) వాడితే ఈ గొడవ తీరుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు రాసిన తేడాల్లో రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, మోడల్‌తో మాట్లాడే పద్ధతిలో తేడా. ఏ ఫీల్డ్ ఎక్కడ పెట్టాలి, టూల్ (మోడల్ పిలవగల ఫంక్షన్, ఉదాహరణకి ఆర్డర్ వెతికేది) ఫలితాన్ని ఎలా తిరిగి పంపాలి అన్నవి ఇందులోకి వస్తాయి. రెండోది, మోడల్ ప్రవర్తనలో తేడా. ఎప్పుడు టూల్‌ని పిలుస్తుంది, ఎప్పుడు ఊహించి చెప్పేస్తుంది, తేదీ ఎలా రాస్తుంది అన్నవి ఇందులో ఉంటాయి. మొదటిది శ్రద్ధగా కూర్చుంటే తీరిపోయే పని. రెండోది తీరదు, ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలి. మీ కోడ్‌లో ఇఫ్‌లు పెరగడానికి కారణం ఈ రెండూ ఒకేచోట కలిసి ఉండటమే అనుకుంటున్నాను. అందుకే ముందు వాటిని విడదీద్దాం.

మాట్లాడే పద్ధతిలో తేడాలు ఎంత దూరం ఉంటాయో చూడండి. ఓపెన్‌ఏఐ చాట్ కంప్లీషన్స్‌లో సిస్టమ్ సూచన మిగతా మెసేజ్‌ల వరసలోనే ఒక మెసేజ్. ఆంత్రోపిక్ మెసేజెస్ ఏపీఐలో అది పైన విడిగా ఉండే ఫీల్డ్. గూగుల్ జెమినైలో కూడా విడిగానే ఉంటుంది, పైగా అక్కడ జవాబిచ్చే పాత్ర పేరు 'అసిస్టెంట్' కాదు, 'మోడల్'. టూల్ కాల్ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ ఆర్గ్యుమెంట్లని జేసన్ ఉన్న స్ట్రింగ్‌గా ఇస్తుంది. దాన్ని మనమే పార్స్ చేసుకోవాలి, ఒక్కోసారి అది చెల్లని జేసన్ కూడా కావచ్చు. మిగతా రెండూ ఆబ్జెక్ట్‌గానే ఇస్తాయి. ఫలితం తిరిగి పంపేటప్పుడు ఓపెన్‌ఏఐకి 'టూల్' అనే పాత్రతో ఒక్కో కాల్‌కి ఒక్కో మెసేజ్ పంపాలి. ఆంత్రోపిక్‌కి యూజర్ మెసేజ్ లోపల టూల్ రిజల్ట్ బ్లాక్‌గా పెట్టాలి. మోడల్ ఒకేసారి మూడు టూల్స్ పిలిస్తే ఆ మూడు ఫలితాలూ వెంటనే వచ్చే ఒక్క మెసేజ్‌లోనే ఉండాలి. జవాబుల్లో ఎంత వైవిధ్యం ఉండాలో చెప్పే టెంపరేచర్ సెట్టింగ్ ఓపెన్‌ఏఐలో 0 నుంచి 2 దాకా, ఆంత్రోపిక్‌లో 0 నుంచి 1 దాకా. అంటే 1 అనే ఒకే అంకె ఒకచోట మధ్య విలువ, ఇంకోచోట గరిష్ఠం. కొన్ని రీజనింగ్ మోడళ్లు ఆ సెట్టింగ్‌నే ఒప్పుకోవు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని మీ ప్రధాన కోడ్‌కి ఉండకూడదు. సంభాషణని దాచుకోవడానికి మీ సొంత రూపం ఒకటి తయారు చేసుకోండి. ఎవరు మాట్లాడారు, ఏం రాశారు, ఏ టూల్‌ని ఏ ఆర్గ్యుమెంట్లతో పిలిచారు, దానికి వచ్చిన ఫలితం ఏమిటి, మోడల్ ఎందుకు ఆగింది, ఇంతే. డేటాబేస్‌లో ఇదే ఉండాలి, ఏ కంపెనీ జేసన్‌నీ అలాగే దాచొద్దు. ఒక్కో కంపెనీకి ఒక్కో అడాప్టర్ రాసి, మీ రూపం నుంచి వాళ్ల రూపానికి, వాళ్ల రూపం నుంచి మీ రూపానికి మార్చే పని దానికి అప్పగించండి. మోడల్ పేరు చూసి నిర్ణయం తీసుకునే ఇఫ్ ఆ అడాప్టర్ ఫైల్ దాటి బయట ఎక్కడ కనిపించినా దాన్ని తప్పుగానే పరిగణించండి.

ఇందులో "ఎందుకు ఆగింది" అన్నది చాలామంది వదిలేస్తారు. మోడల్ మాట పూర్తయి ఆగిందా, టూల్ కావాలని ఆగిందా, టోకెన్ల (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే ముక్కల) పరిమితి అయిపోయి మధ్యలో తెగిందా, జవాబివ్వనని నిరాకరించిందా? దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో చెబుతుంది. పొడవు అయిపోయి ఆగడాన్ని ఒకరు 'లెంగ్త్' అంటారు, ఇంకొకరు 'మ్యాక్స్ టోకెన్స్' అంటారు. దీన్ని చూడకపోతే సగంలో తెగిన జేసన్‌ని "ఈ మోడల్‌కి జేసన్ రాయడం రాదు" అని తిట్టుకుంటూ ప్రాంప్ట్ సరిచేస్తూ కూర్చుంటాం. అసలు చేయాల్సింది పరిమితి పెంచడం మాత్రమే.

అడాప్టర్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మీకు అర్థం కాని డేటాని పారేయకండి. ఆలోచించి జవాబిచ్చే మోడళ్లు కొన్ని తమ ఆలోచన భాగాన్ని డిజిటల్ సంతకంతో ఇస్తాయి. ఆంత్రోపిక్ మోడళ్లలో ఎక్స్‌టెండెడ్ థింకింగ్ పెట్టి టూల్స్ వాడితే, ఆ బ్లాక్‌ని ఒక్క అక్షరం మార్చకుండా టూల్ ఫలితంతో పాటు తిరిగి పంపాలి. మీ శుభ్రమైన రూపంలో దానికి చోటు లేకపోతే రెండో అడుగులోనే ఎర్రర్ వస్తుంది. అందుకని ప్రతి మెసేజ్‌తో పాటు "ఇది ఫలానా కంపెనీ ఇచ్చింది, తిరిగి వాళ్లకే పంపాలి, మనం తెరవం" అనే ఒక సంచీ ఉంచండి. వేరే కంపెనీ మోడల్‌కి వెళ్తే ఆ సంచీ వదిలేయండి. సంభాషణ మధ్యలో మోడల్ మార్చడం మాత్రం వీలైనంత వరకు వద్దు. ఒక ఫిర్యాదు మొదలుపెట్టిన మోడలే దాన్ని ముగించాలి.

మీ సొంత రూపం అంటే అందరిలో ఉన్న తక్కువ సదుపాయాలకి సర్దుకుపోవడం కాదు. మీ కోడ్ తనకి ఏం కావాలో చెప్పాలి, ఎలా సాధించాలో అడాప్టర్ చూసుకోవాలి. ఉదాహరణకి "ప్రాంప్ట్‌లో ఈ భాగం రోజూ మారదు" అని మీరు గుర్తు పెడితే చాలు. కాషింగ్ (మారని భాగాన్ని ప్రతిసారీ కొత్తగా లెక్కించకుండా దాచి వాడుకోవడం) కోసం ఆంత్రోపిక్ అడాప్టర్ దాన్ని స్పష్టంగా మార్క్ చేస్తుంది. ఓపెన్‌ఏఐలో 1024 టోకెన్లు దాటిన ప్రాంప్ట్‌కి అది దానంతటదే జరుగుతుంది, కాబట్టి ఆ అడాప్టర్ మారని భాగాన్ని ముందు పెడితే సరిపోతుంది. అలాగే "జవాబు ఈ స్కీమాలోనే (ఏ ఫీల్డులు, ఏ రకం విలువలు ఉండాలో చెప్పే రూపం) రావాలి" అని మీరు అడుగుతారు. ఒక అడాప్టర్ స్ట్రిక్ట్ స్కీమా వాడుతుంది, ఇంకోటి ఒక టూల్‌ని తప్పనిసరి చేసి దాని ఆర్గ్యుమెంట్లుగా తీసుకుంటుంది, లోకల్ మోడల్ అడాప్టర్ గ్రామర్‌తో (జవాబు ఏ రూపంలో ఉండవచ్చో చెప్పే నియమాలతో) కట్టడి చేస్తుంది. ఓపెన్ మోడళ్లని నడిపే లామా సీపీపీ, వీఎల్ఎల్ఎం సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ ఆ సదుపాయం ఉంది. చుట్టూ వచ్చే "ఇదిగో మీరడిగిన జేసన్" లాంటి మాటలు ఇక్కడే ఆగిపోతాయి. వాటిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో ఏరేసే కోడ్ ఉంటే తీసేయండి.

ఇక లైబ్రరీ సంగతి. లైట్ఎల్ఎల్ఎం, లాంగ్‌చైన్, వెర్సెల్ ఏఐ ఎస్‌డీకే లాంటివి ఈ అనువాద పనిని చాలావరకు చేసిపెడతాయి. కస్టమర్లు పదిపదిహేను మోడళ్లలో ఏదైనా ఎంచుకునే ఉత్పత్తి అయితే నేను లైబ్రరీయే వాడమంటాను. మీకున్నవి మూడు. మూడింటికి అధికారిక ఎస్‌డీకేల (కంపెనీలే ఇచ్చే కోడ్ లైబ్రరీల) మీద మీరే సన్నటి అడాప్టర్ రాసుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏం వెళ్లిందో ఏం వచ్చిందో మీకు పూర్తిగా కనపడాలి. లైబ్రరీయే తీసుకున్నా దాన్ని అడాప్టర్ లోపలే ఉంచండి. దాని క్లాసుల పేర్లు మీ ప్రధాన కోడ్‌లోకి పాకితే, ఒక కంపెనీ బదులు ఒక లైబ్రరీకి కట్టుబడిపోయినట్టే.

మీరు అడ్రస్, కీ మార్చి చూశామన్నారు కదా, అంటే ఓపెన్‌ఏఐ రూపాన్ని అర్థం చేసుకునే అనుకూల ఎండ్‌పాయింట్ (కాల్ పంపే అడ్రస్) వాడి ఉంటారు. ఆంత్రోపిక్, గూగుల్, వీఎల్ఎల్ఎం, ఒలామా అన్నీ అలాంటిది ఇస్తాయి. ఒక సాయంత్రం ప్రయోగానికి అది చాలా బాగుంటుంది. కానీ కొన్ని సెట్టింగ్‌లని అవి ఎర్రర్ ఇవ్వకుండా పక్కన పెట్టేస్తాయి. మీరు స్ట్రిక్ట్ అని అడిగారు, అటువైపు ఎవరూ వినలేదు, జవాబు మాత్రం వచ్చింది. మీ జేసన్ సమస్యకి ఇదే కారణమయ్యే అవకాశం ఎక్కువ. అడిగిన సదుపాయం ఆ మోడల్‌లో లేకపోతే మీ అడాప్టర్ గట్టిగా ఎర్రర్ ఇవ్వాలి, నిశ్శబ్దంగా సర్దుకోకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆర్డర్ వెతకకుండానే వెతికినట్టు జవాబు రాస్తోందని రాశారు. దీన్ని మోడల్ లోపంగా చూసి ప్రాంప్ట్‌లో "తప్పకుండా టూల్ వాడు" అని పెద్ద అక్షరాలతో రాస్తే ఒక మోడల్‌లో తగ్గుతుంది, ఇంకోదాంట్లో అక్కర్లేనప్పుడు కూడా టూల్ పిలవడం మొదలవుతుంది. ముగ్గురు గుమాస్తాలకి ఒకే పని చెప్పినా, చెప్పకుండా వదిలేసిన చోట ముగ్గురూ మూడు రకాలుగా చేస్తారు. మోడల్ విచక్షణకి వదిలిన ప్రతి నిర్ణయమూ, మోడల్ మారిన రోజు మారిపోగల నిర్ణయమే. కాబట్టి ఒక్కో నిర్ణయం తీసుకుని, ఇది నిజంగా భాష అర్థం చేసుకుంటే తప్ప తేలనిదేనా అని అడగండి.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్ వెతకడం దాదాపు ప్రతి ఫిర్యాదుకీ కావాలి. అలాంటప్పుడు వెతకాలా వద్దా అని మోడల్‌ని ఎందుకు అడగడం? మొదటి అడుగులో మోడల్‌తో రెండే పనులు చేయించండి: ఫిర్యాదు ఏ విభాగానిదో చెప్పడం, అందులో ఆర్డర్ నంబర్ ఉంటే తీసివ్వడం. వెతకడం మామూలు కోడ్ చేస్తుంది. దొరికిన వివరాలని రెండో అడుగులో ఇచ్చి ముసాయిదా రాయమనండి. మధ్యలో టూల్ కాల్ అనేదే ఉండదు, కాబట్టి దాన్ని ఎగ్గొట్టే అవకాశమూ ఉండదు. ఇలా చేస్తే చిన్న ఓపెన్ మోడల్ కూడా పెద్ద మోడళ్లకి దగ్గరగా పనిచేయడం మీరే చూస్తారు.

కొన్నిచోట్ల టూల్ కాల్ తప్పదు, అక్కడ మూడు కంపెనీల్లోనూ దాన్ని తప్పనిసరి చేసే సెట్టింగ్ ఉంది. ఓపెన్‌ఏఐలో దాని పేరు 'రిక్వయర్డ్', ఆంత్రోపిక్, గూగుల్‌లలో 'ఎనీ'. దానితో పాటు తిరిగి వచ్చిన ముసాయిదాని కూడా కోడ్‌తో తనిఖీ చేయండి. అందులో కనిపించే ప్రతి ఆర్డర్ నంబరూ, ప్రతి తేదీ, ప్రతి మొత్తమూ ఫిర్యాదులోనో డేటాబేస్ ఫలితంలోనో ఉండి తీరాలి. లేకపోతే ఆ ముసాయిదా మనిషి దగ్గరికి వెళ్లకూడదు. ఈ తనిఖీ ఏ మోడల్‌కైనా ఒకేలా పనిచేస్తుంది.

టూల్ నిర్వచనం రాసే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. పేరులో ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే వాడండి, పేరు చిన్నగా ఉంచండి. స్కీమా చదునుగా ఉండాలి. ఒకదాంట్లో ఒకటి ఇరికిన ఆబ్జెక్ట్‌లు, "ఇది గానీ అది గానీ" అనే షరతులు, తనని తానే పిలుచుకునే స్కీమాలు వద్దు. జేసన్ స్కీమా ప్రమాణం పెద్దది, కంపెనీలు అందులో కొంత భాగాన్నే ఒప్పుకుంటాయి, ఆ భాగం అందరిదీ ఒకటి కాదు. ఓపెన్‌ఏఐ 2024 ఆగస్టులో తెచ్చిన స్ట్రక్చర్డ్ అవుట్‌పుట్స్ స్ట్రిక్ట్ పద్ధతిలో ప్రతి ఫీల్డూ తప్పనిసరి అని రాయాలి, అదనపు ఫీల్డులు ఉండవని కూడా స్పష్టంగా చెప్పాలి. కాబట్టి "ఉంటే ఇవ్వు" అనే ఫీల్డ్ బదులు "తప్పనిసరి, కానీ విలువ నల్ (ఖాళీ) కావచ్చు" అని రాసుకుంటే మిగతాచోట్లా ఇబ్బంది ఉండదు. విభాగాల పేర్లు వివరణలో వాక్యంగా కాకుండా ఎనమ్‌గా (అనుమతించిన విలువల జాబితాగా) పెట్టండి. "ఏదీ కాదు" అనే విభాగం తప్పకుండా ఉండాలి, లేకపోతే మోడల్ ఏదో ఒకదాంట్లో ఇరికిస్తుంది, ఎందులో ఇరికిస్తుందో మోడల్‌ని బట్టి మారుతుంది.

మీ తేదీ సమస్య కూడా ఇక్కడిదే. 03/04/2025 అంటే ఏప్రిల్ 3 అనేవాళ్లున్నారు, మార్చి 4 అనేవాళ్లున్నారు, మోడళ్లూ అంతే. 2025-04-03 అనే ఐఎస్ఓ 8601 రూపం కావాలని వివరణలో ఒక ఉదాహరణతో రాయండి, తర్వాత కోడ్‌లో తనిఖీ చేయండి. "పోయిన మంగళవారం" లాంటి మాట వస్తే దాన్ని తేదీగా మార్చే లెక్క మోడల్‌తో చేయించకండి. ఆ మాటని అలాగే తీసివ్వమనండి, లెక్క కోడ్ చేస్తుంది. ఆర్డర్ నంబర్లు ఎప్పుడూ స్ట్రింగ్‌గానే ఉండాలి. సంఖ్యగా పెడితే ముందున్న సున్నాలు పోతాయి, మరీ పొడవైనవైతే జావాస్క్రిప్ట్ లాంటి చోట చివరి అంకెలు కూడా మారిపోతాయి.

టూల్ విఫలమైనప్పుడు ఇచ్చే సందేశం కూడా మోడల్ చదివే సూచనే అని గుర్తుంచుకోండి. "ఎర్రర్ 400" అని పంపితే ఒక మోడల్ మళ్లీ అదే కాల్ చేస్తుంది, ఇంకోటి క్షమాపణ రాసి ఆగిపోతుంది. "ఈ నంబర్‌తో ఆర్డర్ లేదు, నంబర్ మరోసారి పంపమని కస్టమర్‌ని అడగాలి" అని రాస్తే అన్నీ దాదాపు ఒకే దారిలో వెళ్తాయి. ఇంకొకటి, ఏదైనా రాసే టూల్, అంటే రికార్డు మార్చేదో మెయిల్ పంపేదో, రెండుసార్లు పిలిచినా పని ఒక్కసారే జరిగేలా కట్టండి. మోడల్ తడబడి రెండోసారి పిలవడం, నెట్‌వర్క్ తెగి మీ కోడే మళ్లీ ప్రయత్నించడం రెండూ జరిగేవే.

ఒక్కో మోడల్‌కి ఒక్కో ప్రాంప్ట్ కావాలా అన్నారు. అన్నింటికీ ఒకటే ప్రాంప్ట్ ఉంచి, ఒక్కో మోడల్‌కి నాలుగైదు వాక్యాల అనుబంధం పెట్టండి. ఉమ్మడి భాగంలో పని ఏమిటో, ప్రతి విభాగం హద్దు ఎక్కడో, రెండు విభాగాలకి సరిహద్దులో ఉండే ఉదాహరణలు ఏవో ఉండాలి. "చాలా జాగ్రత్తగా, ఖచ్చితంగా చెయ్యి" లాంటి మాటల కన్నా సరిహద్దు ఉదాహరణలే ఏ మోడల్‌లోనైనా పనిచేస్తాయి. అనుబంధంలో ఆ మోడల్ అలవాట్లకి సంబంధించిన వాక్యాలు మాత్రమే ఉండాలి, ప్రతి వాక్యం పక్కన అది ఏ పరీక్షలో విఫలమైనందుకు చేర్చారో కామెంట్‌గా రాసి ఉంచండి. మోడల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఏది తీసేయవచ్చో అప్పుడే తెలుస్తుంది. అనుబంధం పెరిగి ఉమ్మడి భాగాన్ని దాటిపోతుంటే, మీరు మోడల్ విచక్షణకి ఎక్కువ వదిలేశారని అర్థం. అప్పుడు ప్రాంప్ట్ కాదు, పని విభజన మార్చాలి.

పైన ప్రతిచోటా పరీక్షలు అంటూ వచ్చాను. మీ టూల్ పోర్టబుల్, అంటే మోడల్ మారినా పనిచేస్తుంది అనే మాటకి మీ దగ్గర ఉండగలిగే ఒకే రుజువు అవి. వ్యక్తిగత వివరాలు తీసేసిన నిజమైన ఫిర్యాదులు ఒక వంద తీసుకోండి. సులువైనవి కాదు, మీ మనుషులు ఏ విభాగమో తేల్చుకోలేక వాదించుకున్నవి ఎక్కువ ఉండాలి. తెలుగు లిపిలో రాసినవి, ఇంగ్లీష్ అక్షరాలతో రాసిన తెలుగు, రెండూ కలిపి రాసినవి, ఆర్డర్ నంబరే లేనివి, రెండు నంబర్లు ఉన్నవి, ఫిర్యాదే కాని పొగడ్తలు కూడా ఉండాలి. ప్రతిదానికీ సరైన విభాగం, సరైన ఆర్డర్ నంబర్ మీ ముగ్గురూ కూర్చుని రాసిపెట్టండి. ఇది విసుగు పుట్టించే పని, దీన్ని మోడల్‌కి అప్పగించాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఇక్కడ మీ తీర్పే కొలమానం.

పరీక్షని ఒక్కసారి నడిపి ఊరుకోవద్దు, ఒక్కో ఫిర్యాదుని కొన్నిసార్లు నడపండి. టెంపరేచర్ 0 పెట్టినా ప్రతిసారీ అదే జవాబు వస్తుందని హామీ లేదు. మొత్తానికి ఒక్క మార్కు వేయకుండా విడివిడిగా కొలవండి: స్కీమాకి సరిపోయిందా, విభాగం సరైనదా, నంబర్ సరైనదా, ముసాయిదాలో ఆధారం లేని విషయం చేర్చిందా, ఎంత సమయం పట్టింది, ఎంత ఖర్చయింది. వీటిలో చాలావాటిని మామూలు కోడ్ తనిఖీ చేయగలదు. ముసాయిదా మర్యాదగా ఉందా లాంటి వాటికి ఇంకో మోడల్‌ని న్యాయనిర్ణేతగా పెట్టుకోవచ్చు. కానీ పోలిక పూర్తయ్యేదాకా ఆ న్యాయనిర్ణేతని మార్చకండి, మోడళ్లకి తమ సొంత రాతల వైపు మొగ్గే గుణం ఉందని కూడా మరిచిపోకండి. కొన్నింటిని మీరే చదవాలి.

ఒకే కంపెనీతో ఉండిపోయినా ఈ పరీక్షలు తప్పవు. టెక్స్ట్ డావిన్సీ 003 అనే మోడల్ మీద కట్టుకున్నవాళ్లందరూ 2024 జనవరి 4న ఓపెన్‌ఏఐ దాన్ని ఆపేసినప్పుడు మారక తప్పలేదు. మోడళ్లకి ఆయుష్షు తక్కువ. అందుకే "లేటెస్ట్" అనే పేరు కాకుండా తేదీ ఉన్న ఖచ్చితమైన వెర్షన్ పేరు వాడండి, పరీక్ష నడిపాకే దాన్ని మార్చండి.

ఎంసీపీ గురించి. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో బహిరంగ ప్రమాణంగా విడుదల చేసింది. 2025 మార్చిలో ఓపెన్‌ఏఐ కూడా దాన్ని వాడతామని ప్రకటించింది. కోడ్ ఎడిటర్ల కోసం మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ దీనికి స్ఫూర్తి. అక్కడ ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషకీ విడిగా రాయాల్సిన అవసరం పోయింది, ఇక్కడ ప్రతి యాప్‌కీ ప్రతి టూల్‌కీ విడిగా రాయాల్సిన అవసరం పోతుంది. మంచి ప్రమాణం, నిలబడేలా ఉంది. కానీ అది టూల్‌ని యాప్‌కి కలుపుతుంది. ఆ టూల్‌ని మోడల్ ఎప్పుడు పిలవాలి, ఏం పంపాలి అన్నది దాని పరిధిలో లేదు. మీ ఆర్డర్ వెతికే కోడ్‌ని మీ యాప్ ఒక్కటే వాడుతుంటే మామూలు ఫంక్షన్‌గా ఉంచండి. క్లయింట్లు తమ సొంత అసిస్టెంట్ నుంచి కూడా వాడుకుంటామంటే అప్పుడు అదే ఫంక్షన్ మీద ఎంసీపీ సర్వర్ పెట్టండి. ఎలా ఇచ్చినా చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. ఫిర్యాదు బయటివాళ్లు రాసిన పాఠం, అందులో మోడల్‌కి ఆదేశాలు దాచి పంపేవాళ్లు ఉంటారు. వాటికి లొంగే తీరు కూడా మోడల్‌కి మోడల్‌కి వేరు.

క్లయింట్ సర్వర్‌లో పెట్టే ఓపెన్ మోడల్ మీ మూడింటిలో ఎక్కువ శ్రమ తీసుకుంటుంది. అక్కడ చాట్ టెంప్లేట్ అనేది ఒకటి ఉంటుంది. పాత్రలు, మెసేజ్‌లు, టూల్స్ అన్నీ చివరికి ఒక పొడవాటి టెక్స్ట్‌గా మారేది దాని ప్రకారమే. అది మోడల్‌తో వచ్చినదే అయి ఉండాలి, తప్పు టెంప్లేట్ పెట్టినా మోడల్ ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు బయటపడదు. గూగుల్ ఓపెన్ మోడల్ జెమ్మా మొదటి రెండు తరాల టెంప్లేట్లలో సిస్టమ్ పాత్రే లేదు, ఆ సూచనని మొదటి యూజర్ మెసేజ్‌లో కలపాల్సి వచ్చేది. వీఎల్ఎల్ఎంలో టూల్ కాల్స్ చదివే పార్సర్‌ని ఆ మోడల్‌కి తగ్గట్టు ఎంచుకోవాలి. కాంటెక్స్ట్ పొడవు (మోడల్ ఒకేసారి చూడగల పాఠం పొడవు) సెట్టింగ్ కూడా చూడండి. మోడల్ పెద్ద కాంటెక్స్ట్‌ని మోయగలిగినా, నడిపే సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా చిన్నది పెట్టి, దాటిన భాగాన్ని చెప్పకుండా కోసేసే సందర్భాలు ఉన్నాయి.

పొడవు విషయంలో తెలుగు రాతలతో పనిచేసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. యూటీఎఫ్ 8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ఒక్కో మోడల్ టోకెనైజర్ దాన్ని ఒక్కోలా ముక్కలు చేస్తుంది. 2024 మేలో జీపీటీ 4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో ఒకే తెలుగు పాఠం పాత టోకెనైజర్‌లో 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. ఒకే కంపెనీ లోపలే ఇంత తేడా. ఒక మోడల్ టోకెనైజర్‌తో లెక్క వేసి ఇంకో మోడల్‌కి పరిమితి పెడితే ఇంగ్లీష్ ఫిర్యాదులన్నీ బాగానే వెళ్లి, తెలుగువి మాత్రం మధ్యలో తెగుతాయి. టోకెన్ల లెక్క అడాప్టర్ పని, ప్రధాన కోడ్‌ది కాదు.

కొత్త ఫిర్యాదుని పోలినవి పాతవాటిలో వెతకడానికి ఎంబెడింగ్స్ (పాఠం అర్థాన్ని వెక్టర్, అంటే అంకెల వరసగా మార్చినవి) వాడుతున్నారేమో మీరు రాయలేదు. వాడుతుంటే, ఎంబెడింగ్ మోడల్ మార్చినప్పుడు మొత్తం డేటాని మళ్లీ లెక్కించాల్సిందే. ఓపెన్‌ఏఐ పాత ఎంబెడింగ్ మోడల్ ఏడీఏ 002, తర్వాత వచ్చిన ఎంబెడింగ్ 3 స్మాల్ రెండూ డిఫాల్ట్‌గా 1536 అంకెల వెక్టర్లే ఇస్తాయి. పొడవు ఒకటే కాబట్టి డేటాబేస్ అభ్యంతరం చెప్పదు, వెతికితే మాత్రం సంబంధం లేనివి వస్తాయి. ప్రతి వెక్టర్ పక్కన దాన్ని చేసిన మోడల్ పేరు దాచుకోండి. జవాబు రాసే మోడల్ మారినంత మాత్రాన ఎంబెడింగ్ మోడల్ మార్చాల్సిన పనిలేదు. డేటా బయటికి వెళ్లకూడదన్న క్లయింట్‌కి మాత్రం అది కూడా వాళ్ల సర్వర్‌లోనే నడవాలి.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు ఆ వంద ఫిర్యాదులు, ఇప్పుడున్న మోడల్‌తో వాటి ఫలితాలు. ఆ తర్వాత ఆర్డర్ వెతకడాన్ని మోడల్ చేతిలోంచి తీసి కోడ్‌లో పెట్టడం. ఆపైన సొంత రూపం, ఇప్పటి కంపెనీకి అడాప్టర్. ఇక్కడిదాకా మోడల్ మార్చకండి, ఫలితాలు తగ్గలేదని చూసుకోండి. అప్పుడు రెండో కంపెనీ, చివర్లో ఓపెన్ మోడల్. క్లయింట్లతో "మా టూల్ ఏ మోడల్‌తోనైనా నడుస్తుంది" అని మాత్రం ఒప్పుకోవద్దు. ఫలానా వెర్షన్లతో, ఫలానా తేదీన, ఈ ఫిర్యాదుల మీద ఈ ఫలితాలు వచ్చాయి అని ఒక పట్టిక ఇవ్వండి. వాళ్లు కొత్త మోడల్ అడిగితే, పరీక్ష నడిపి ఆ పట్టికలో ఒక వరస చేర్చడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి.